నీలం అంటే రెండో వేలు

జ్ఞాపకాలు రాసుకునే వయసు నాకింకా రాలేదని మా అక్క అంటుంది. పాస్‌పోర్టు ప్రకారం వచ్చేసింది. కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలని నిబంధన. నాకప్పుడు ఇరవై మూడు. ఏజెంటు నా కాగితాలు రెండు రోజులు దగ్గర పెట్టుకుని తిరిగి ఇచ్చేసరికి నేను ఏడేళ్లు పెద్దదాన్నయ్యాను. ఆ ఏడేళ్లూ ఏం చేశావని విమానాశ్రయంలో ఎవరైనా అడుగుతారేమోనని దారి పొడవునా ఒక కథ తయారు చేసుకున్నాను. ఎవరూ అడగలేదు. కథ వృథా అయింది. కథలు వృథా చేయడం నాకు ఇష్టం ఉండదు కాబట్టి, తర్వాత వాటిని వేరేచోట వాడాను. ఆ సంగతే ఇది.

ఇప్పుడు నేను రాజంపేటలో మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. చీర తెచ్చి బల్ల మీద పరిచి జాకెట్టు గుడ్డ అడిగే ఆడవాళ్లతో రోజంతా రంగుల పంచాయితీ. నెమలికంఠం అడిగితే ఆనందా బ్లూ చూపించానని ఒకామె అలుగుతుంది. వంగపండు రంగుకూ నేరేడుపండు రంగుకూ తేడా తెలియనిదానివి దుకాణం ఎట్లా పెట్టావని ఇంకొకామె ఆశ్చర్యపోతుంది. నా దగ్గర నీలాలే నలభై రకాలున్నాయి. మొన్న వేసవి సెలవుల్లో మా అక్క కూతురు హేమ వచ్చి, బేరాలు లేని మధ్యాహ్నం పూట ఫోను నా ముందు పెట్టింది.

"పిన్నీ, ఇది చూడు. పాత నలుపు తెలుపు బొమ్మలకు కంప్యూటర్ రంగులేస్తాది."

"ఏ రంగేయాల్నో దానికి ఎవురు జెప్పినారు?"

"ఎవురూ జెప్పరు. అదే కనుక్కుంటాది."

చూశాను. ఎవరో తెల్లవాళ్ల పాత టీవీ నాటకం. పెద్ద ఇల్లు, వంపు తిరిగిన మెట్లు, ఆ మెట్ల మీద నుంచి దిగి వస్తున్న ఒక అమ్మాయి. ఆ మెట్లు నాకు తెలుసు. వాటి పక్కన చేతికమ్మీకి దుమ్ము తుడవలేదని ఒకప్పుడు నేను కోప్పడ్డాను కూడా. ఇప్పుడూ తుడవలేదు. అమ్మాయి గౌను రంగు చూసి మాత్రం పక్కనున్న లైనింగ్ గుడ్డ తాను మీద కూర్చుండిపోయాను. అది ఏ రంగో చెప్పాలంటే ముందు కువైట్‌లో నేను పనిచేసిన మిష్రిఫ్ ఇంటికి వెళ్లాలి.

మిష్రిఫ్‌లో ఆ ఇల్లు రెండంతస్తులది. అందులో ఉండేది పెద్ద మామా ఒక్కతే. అక్కడ పనివాళ్లు యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని పిలవాలి. భర్త పోయి చాలా ఏళ్లయింది. కొడుకు ఖాలిద్ సాల్మియాలో సముద్రం కనిపించే ఫ్లాటులో, కూతురు నూరా ఎగైలాలో. పనివాళ్లం ఇద్దరం: వంటకు మార్తమ్మక్క, మిగతా లోకానికంతటికీ నేను. రెడ్డెమ్మ అనే నా పేరు వాళ్ల నోట పలకక రిదా అని పెట్టారు. అరబ్బీలో సంతృప్తి అని అర్థమట. పెట్టేముందు నన్ను అడగలేదు. పొద్దున్నే లేచి ముందు వాకిలి గొట్టంతో కడగడం నా మొదటి పని. కువైట్‌లో దుమ్ము తుడవడం పని కాదు, సంసారం. ఎంత చేసినా రేపటికి మళ్లీ ఉంటుంది. తర్వాత గదుల్లో మన సాంబ్రాణి లాంటి బుఖూర్ పొగ వెయ్యాలి. ఆ పొగ, యాలకులు వేసి కాచిన కాఫీ, వంటింట్లో ఎండు నిమ్మకాయల పులుపు, ఈ మూడూ కలిసిన వాసన ఇప్పటికీ నా పాత సూట్‌కేసు మూత తీస్తే వస్తుంది. నాలుగోది మార్తమ్మక్క చేపల పులుసు. వెనక వంటింటి తలుపులు మూసి వండుకునేది. వాసన గేటు దాకా వచ్చి నిలబడేది.

మార్తమ్మక్కది నరసాపురం దగ్గర పల్లె. ఆ ఇంట్లో నాకంటే పద్నాలుగేళ్లు ముందు నుంచి ఉంది. చిన్న విషయానికీ కన్నీళ్లు పెట్టుకుని ప్రార్థన మొదలుపెట్టేది. ఉల్లిపాయలు కోసేటప్పుడు మాత్రమే ఏడవని మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

పెద్ద మామా పద్ధతులు వేరు. సాయంత్రం నాలుగింటికి టీ. కప్పులో ముందు పాలు పోయాలి, తర్వాత టీ. పళ్లెంలో రెండు బిస్కెట్లు పెట్టాలి. ఒకటి తిని, రెండోది వచ్చేవాళ్లకని ఉంచేది. ఎవరూ వచ్చేవాళ్లు కాదు. చివరికి అది నా వంతు. వార్తలు చదివే ఇంగ్లీషాయన తెర మీదికి వచ్చి గుడ్ ఈవినింగ్ అంటే, ఈమె కూడా కొంచెం వంగి గుడ్ ఈవినింగ్ అని జవాబు చెప్పేది. మర్యాద ఒకవైపే ఉంటే బాగుండదనేది.

నేను చేరిన ఏడాదికి పెద్ద మామా టీ కప్పులో కాకుండా సాసరులో పోసింది. తెల్లవాళ్ల పద్ధతేమో అనుకున్నాను. వారం తర్వాత సోఫా మీద మడిచిపెట్టిన దుప్పటికి సలాం చెప్పి, ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. అప్పుడు ఇద్దరం టాక్సీలో కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాం. చూపుకు నడిమధ్య మచ్చ పడిందన్నాడు. ఆపరేషన్‌తో పోయేది కాదు, అలాగని పూర్తిగా చీకటయ్యేదీ కాదు. అంచులు మిగులుతాయి. అంటే తలుపు కనిపిస్తుంది, తలుపులో నిలబడ్డ మనిషి ముఖం కనిపించదు. అలవాటైన ఇంట్లో అంచులు పట్టుకుని హాయిగా తిరగవచ్చు. తిరుగు ప్రయాణంలో పెద్ద మామా కిటికీ వైపు చూస్తూ అంది: "నూరాకు చెప్పకు. ఎవరికీ చెప్పకు."

కారణం నాకు తెలుసు. ఇల్లు మూసేసి తన దగ్గరికి వచ్చెయ్యమని నూరా రెండేళ్లుగా పోరుతోంది. ఒక సాకు దొరికితే చాలు. "అక్కడ నాకో గది ఇస్తారు, మంచి గదే" అంది పెద్ద మామా. "ఈ ఇంట్లో నేను యజమానురాలిని. అక్కడ సామాను."

మార్తమ్మక్కకు చెప్పక తప్పలేదు, వంటింట్లో గాజుగ్లాసుల చోటు మార్చాలి కాబట్టి. ఆమె గరిటె పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది.

"ఇంకేముందే పిల్లా, తెలిస్తే మనల్నిద్దర్నీ ఎగైలా తోలేస్తారు. మూడంతస్తులే. ఐదుగురు పిల్లలే బాబూ. ఆ చిన్నోడు కొరుకుతాడే."

"కొరికితే కొరకనీలే అక్కా. నీకాడ కండ ఉండాది, నాకైతే ఎముక తగుల్తాది."

"నీకన్నీ యెటకారాలే. దేవుడు చూస్తున్నాడు."

"ఆయప్పకు కండ్లు బాగుండాయి గదా, సంతోషం."

ఇక టీవీ సంగతి. పెద్ద మామాకు ఇంగ్లీషు బాగా వచ్చు, చెవులు గట్టివి. మాటలన్నీ ఆమెకు అర్థమవుతాయి, నాకు ఒక్కటీ కాదు. బొమ్మలన్నీ నాకు కనిపిస్తాయి, ఆమెకు మధ్యలో మచ్చ. ఇద్దరం కలిస్తే ఒక ప్రేక్షకురాలు. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు, ముఖం ఎలా పెట్టారు అని నేను చెప్పాలి. నా అరబ్బీ వంటింటి అరబ్బీ: కడుగు, తుడువు, వేడి, చల్లారింది, అయిపోయింది. దానితో ప్రేమకథ చెబితే ఇలా ఉండేది: అబ్బాయి వేడి. అమ్మాయి చల్లారింది. పెళ్లి ఖలాస్. పెద్ద మామాకు అది చాలు. కానీ ఒక ప్రశ్న మాత్రం వదిలేది కాదు. "షినూ లోనా?" అనేది, దాని రంగేమిటి అని. తెరలు, గౌన్లు, గుర్రాలు, అన్నిటికీ రంగు కావాలి. నాకు తెలుగులో ఎన్ని రంగులున్నా అరబ్బీలో ఐదే వచ్చు. ఆ ఐదింటితోనే ఇంగ్లీషు దేశమంతటికీ సున్నాలు వేశాను.

ఇబ్బంది శుక్రవారాల్లో వచ్చేది. ఆ రోజు మధ్యాహ్నం కొడుకు, కూతురు, పిల్లలు అందరూ భోజనానికి వచ్చి సాయంత్రం దాకా ఉంటారు. వాళ్ల ముందు నేను నోరు విప్పకూడదు. అందుకని ఆమె సోఫాలో, నేను కింద కూర్చుని కాళ్లు పట్టడం అనే ఏర్పాటు చేసుకున్నాం. ఎడమ పాదం మనుషులకు: బొటనవేలు నొక్కితే మగమనిషి వచ్చాడు, చిటికెన వేలయితే ఆడమనిషి, మడమ పట్టుకుంటే వెళ్లిపోయారు. కుడి పాదం రంగులకు. బొటనవేలు ఎరుపు, రెండోది నీలం, మూడోది ఆకుపచ్చ, నాలుగోది పసుపు, చిటికెన వేలు తెలుపు. గులాబీ రంగయితే బొటనవేలే, కొంచెం మెల్లగా. నలుపుకు వేలు అక్కర్లేదంది. ఏమీ నొక్కకపోతే నలుపే. ఇలా పది నెలలు గడిపాం. పెద్ద మామా తెర వైపు చూస్తూ సరిగ్గా సమయానికి "ఆ ముసలాయన మళ్లీ వచ్చాడు" అనేది, ఎవరికీ అనుమానం రాలేదు. "మా అమ్మ కాళ్లు ఎంత శ్రద్ధగా పడుతుందో చూడు" అని నూరా నన్ను మెచ్చుకుంది. "ఎగైలాకు వచ్చాక నాకూ ఇలాగే పట్టాలి" అంది. ఆ మాట వింటూనే నేను తెర మీద ఎవరూ లేకపోయినా ఎర్రగా నొక్కాను.

అలాంటి రోజుల్లో ఒక ఇంగ్లీషు చానెల్ ఏదో వేడుక అని చెప్పి, ఒక శుక్రవారం పొద్దున్నుంచీ రాత్రి వరకూ వెనకటి రోజుల కార్యక్రమాలే వేస్తామని ప్రకటించింది. అప్పుడు ఏ వరుసలో వచ్చేవో అదే వరుసలో, మధ్యలో ఖాళీలతో సహా. పెద్ద మామా ఆ ప్రకటన విన్న దగ్గర్నుంచి రోజులు లెక్కపెట్టింది. ఆమె కొత్త పెళ్లికూతురుగా లండన్ వెళ్లిన మనిషి. భర్త పగలంతా కాలేజీలో చదువు. ఈమె ఒక అద్దె గదిలో, ఒక్క ఇంగ్లీషు ముక్క రాకుండా. కింద హాల్లో ఇంటావిడ టీవీ ఉండేది. ఇంటావిడ దయతలచి రమ్మంటే ఆ పెట్టె ముందు కూర్చుని భాష నేర్చుకుందట. ఆ ఊళ్లో తనను మొట్టమొదట పలకరించింది తెర మీది అనౌన్సరేనట. గుడ్ ఈవినింగ్ అంటే జవాబు చెప్పడం అప్పటి అలవాటు.

శుక్రవారం పొద్దున్నే ఉతికిన గౌను వేసుకుని, ఊద్ అత్తరు రాసుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు సోఫాలో కూర్చుంది. టీవీ పెట్టాను. గీతలు, వలయాలు, కూ అని ఒకటే శబ్దం.

"ఏముంది?" అంది.

"పాడైపోయింది మామా."

"పాడవలేదు. ముందు అలాగే ఉంటుంది. కూర్చో."

అలాగే ఉంది, చాలాసేపు. తర్వాత పొద్దున పదింటికే రాత్రి విందుకు తయారైనట్టు నగలు పెట్టుకున్న ఒక ఆడమనిషి వచ్చి పలకరించింది. పెద్ద మామా వంగి జవాబు చెప్పింది. ఆ తర్వాత ఒక తోటమాలి అరగంట తవ్వాడు, ఏమీ దొరకలేదు. ఒకావిడ క్యాబేజీ ఉడకబెట్టింది. వంట కార్యక్రమం అనగానే మార్తమ్మక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"ఉప్పు కూడా వెయ్యలేదేంటే."

"తాలింపు పెడ్తాదేమో చూడక్కా, తొందరెందుకు."

"ఎక్కడే, దింపేసింది. పాపం, ఈ తిండి తిని మన దేశమంతా ఏలారంటే ఎంత ఆకలి మీద వచ్చుంటారే." ఆమె కళ్లు అప్పుడే తడయ్యాయి.

కార్యక్రమానికీ కార్యక్రమానికీ మధ్య రెండు చేతులు సారె మీద కుండ చేసేవి. ముఖం లేదు, చేతులే. కుండ లేచేది, వంగేది, మళ్లీ ముద్దయ్యేది. మా ఊరి కుమ్మరి తాత అయితే ఈపాటికి పది ముంతలు ఆరబెట్టి భోంచేసి ఉండేవాడు.

అయితే ఒక చిక్కు వచ్చింది. తోటమాలి రాగానే పెద్ద మామా "షినూ లోనా?" అంది. "రంగు లేదు మామా, నలుపు తెలుపు" అన్నాను. క్యాబేజీకీ అదే ప్రశ్న, అదే జవాబు. మూడోసారి ఆమె టీ కప్పు కింద పెట్టింది. "అప్పుడూ నలుపు తెలుపే, నాకు తెలుసు. కానీ నలుపు తెలుపు ఇప్పుడు నా కళ్లకు ఉచితంగానే వస్తోంది. దానికి నువ్వెందుకు?" అంది. నవ్వుతూనే అంది. కానీ రెండు బిస్కెట్లూ పళ్లెంలో అలాగే ఉన్నాయి.

తర్వాత వచ్చిన పాటగాడికి ఎర్ర కోటు వేశాను. అతని వెనక తెరకు పసుపు. వాద్యాల వాళ్లందరికీ ఆకుపచ్చ, గుంపుగా కొన్నట్టు. అబద్ధమని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె ఒక బిస్కెట్ తినేసింది.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. భోజనాలయ్యాక పిల్లలు ఈ పాత టీవీ చూసి మొహాలు చిట్లించి మేడ మీద ఆటలకు పోయారు. ఖాలిద్ ఒక సోఫాలో సగం నిద్రలో, నూరా ఇంకో సోఫాలో ఫోనుతో. నేను కింద, పెద్ద మామా పాదాల దగ్గర. అయిదు గంటల ప్రాంతంలో ఒక నాటకం మొదలైంది. పెద్ద ఇంటివాళ్ల కథ, నిండా పనివాళ్లు. మిష్రిఫ్ ఇంటికంటే చిన్న ఇంటికి పదకొండు మంది. ఒకడు తలుపు తీయడానికే. ట్రే తెచ్చిన అమ్మాయి బొటనవేలు కప్పులో మునిగింది, ఎవరూ చూడలేదు. చేతికమ్మీ మీద వేలితో పేరు రాయచ్చు, అంత దుమ్ము. ఈ పదకొండు మందినీ ఒక్కరోజు నాకు అప్పజెబితే బాగుండుననుకుంటూ నా పని నేను చేస్తున్నాను. కథ నాకు అర్థమైనంతవరకు, పెద్దవాళ్లందరూ కింద గదిలో కూర్చుని ఆ ఇంటి అమ్మాయిని ఎక్కడికో పంపించాలని నిర్ణయిస్తున్నారు. అమ్మాయిని ఎవరూ అడగలేదు. అప్పుడు ఆమె మెట్ల పైన కనిపించింది. నడుము దగ్గర బిగుతుగా, కింద గుమ్మడిపండులా విచ్చుకున్న గౌను. కమ్మీ పట్టుకోకుండా, మెట్లు చూడకుండా దిగుతోంది. ఆ నడక చూస్తే ఈ పిల్ల పోనని చెప్పబోతోందని మాట అర్థం కానివాళ్లకు కూడా తెలిసిపోతుంది. ఆ గౌనుకు నెమలికంఠం తప్ప ఇంకేదీ నప్పదు. నాకు తెలియకుండానే నా వేళ్లు రెండో వేలిని గట్టిగా పట్టుకున్నాయి.

"అల్లా," అంది పెద్ద మామా, గదంతటికీ వినపడేలా. "ఎంత మంచి నీలం."

నూరా ఫోను దించింది. తెర వైపు చూసింది, తల్లి వైపు చూసింది, మళ్లీ తెర వైపు చూసింది. "యుమ్మా," అంది, వాళ్ల భాషలో అమ్మా అని, "ఏది నీలం?"

సరిగ్గా అప్పుడే మసీదు నుంచి మగ్రిబ్ పిలుపు వినిపించింది. ఖాలిద్ మసీదుకు వెళ్లాడు, ఆడవాళ్లు లోపల నమాజుకు వెళ్లారు. నేను వంటింట్లోకి పోయి చెప్పగానే మార్తమ్మక్క కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టింది. "అయిపోయిందే. ఒక్క వేలుతో ముంచేశావే."

"ఏడుపు తర్వాత పెట్టుకుందువులే అక్కా. ముందు టీకి నీళ్లు పెట్టు."

మళ్లీ అందరూ హాల్లో చేరేసరికి టీవీలో ఒక గడియారం బొమ్మ తప్ప ఏమీ లేదు. ఆ పాత రోజుల్లో ఆరు నుంచి ఏడు దాకా పిల్లల్ని పడుకోబెట్టడానికని టీవీ ఆపేసేవాళ్లట. ఆ ఖాళీని కూడా భక్తిగా వేస్తున్నారు. మామూలుగా అయితే ఏదో ఒక సీరియల్ మోతలో ఆ సంభాషణ కొట్టుకుపోయేది. ఆ రోజు గదిలో గడియారం, మేము.

నూరా తల్లి ఎదురుగా వచ్చి మూడు వేళ్లు చూపించింది. "ఇవి ఎన్ని?"

అంకెలకు మేము ఏర్పాటు చేసుకోలేదు. ఏదో ఒకటి చేయాలని కుడి పాదం మీద మూడు వేళ్లు కలిపి పట్టుకున్నాను. ఏ దేశపు జెండానో చూపిస్తున్నాననుకుందట, తర్వాత చెప్పింది.

"నీ చేతికి ఎన్ని వేళ్లున్నాయో నువ్వు పుట్టిన రోజే లెక్కపెట్టాను" అంది పెద్ద మామా. "ఏమైనా తగ్గాయా?"

ఖాలిద్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. పెద్ద మామా సర్దుకుని కూర్చుంది.

"కనిపించదు. ఎదురుగా ఉన్నది కనిపించదు, అంచులు కనిపిస్తాయి. పది నెలలైంది. పది నెలలుగా ప్రతి శుక్రవారం వచ్చారు, తిన్నారు, వెళ్లారు. ఈ ఇంట్లో మీకు ఏమైనా తక్కువైందా?"

"నా ముఖం కనిపించడం లేదా?" అంది నూరా. "ఇంత దగ్గరగా కూర్చున్నానే."

"ముఖం కనిపించదు. గొంతు వినిపిస్తుంది. అది చాలు, ఒక్కోసారి ఎక్కువ."

నూరా ఏడ్చింది. టీ తెచ్చిన మార్తమ్మక్క ఏమైందో తెలుసుకోకుండానే గుమ్మంలో నిలబడి తోడుగా ఏడ్చింది. ట్రే చేతిలోనే ఉంది. "అక్కా, అది కింద పెట్టి ఏడు. ఒలికితే తుడవాల్సింది నేను" అన్నాను తెలుగులో.

"రేపే ఎగైలా" అంది నూరా కళ్లు తుడుచుకుని. "ఇంక ఒక్కరోజు కూడా ఇక్కడ వద్దు."

ఖాలిద్ ఆమె మాట వినట్లేదు. నన్నే చూస్తున్నాడు. "నువ్వెలా చెప్పేదానివి?" అన్నాడు. దాచి లాభం లేదు. నా పాదమే ముందుకు చాపి, ఏ వేలు ఏ రంగో, ఏ వేలు ఏ మనిషో పట్టి చూపించాను.

"కానీ ఆ గౌనుకు రంగే లేదు కదా."

"నేనే వేశాను బాబా."

"నీలమే ఎందుకు?"

తెలుగులో అయితే చాలా చెప్పేదాన్ని. నా అరబ్బీలో అది ఇంతే అయింది: "ఆ అమ్మాయి పోదు. తెలుపు మంచిది కాదు. నీలం గట్టిది."

పెద్ద మామా గడియారం శబ్దం వస్తున్న వైపు ముఖం తిప్పి, మామూలు గొంతుతోనే చెప్పింది. "ఈ ఖాళీ గంట నాకు బాగా తెలుసు నూరా. లండన్‌లో ఇంటావిడ తన పిల్లల్ని పడుకోబెట్టడానికి పైకి వెళ్లేది. మీ నాన్న ఇంకా వచ్చేవాడు కాదు. ఆరిపోయిన పెట్టె ముందు నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని. అంత పొడుగు గంట నా బతుకులో మళ్లీ చూడలేదు. నువ్వు నాకు అక్కడ పెద్ద టీవీ కొంటావు, నాకు తెలుసు. పొద్దున నువ్వు ఆఫీసుకు పోతావు, పిల్లలు బడికి పోతారు, రిదా మూడంతస్తులూ తుడుస్తుంది. నాకు చెప్పేదెవరు? అక్కడ రోజంతా నాకు ఈ గంటే."

నూరా ముక్కు తుడుచుకోవడం, గడియారం కదలడం. ముల్లు ఏడు దగ్గరికి వచ్చాక సంగీతం మోగింది.

"ఉష్," అంది పెద్ద మామా. "మొదలైంది."

నగల ఆడమనిషి వచ్చి గుడ్ ఈవినింగ్ అంది. పెద్ద మామా వంగి గుడ్ ఈవినింగ్ అంది. అప్పుడు ఖాలిద్ లేచి, తెల్లటి పొడుగు దిష్‌దాషా మోకాళ్ల దాకా పైకి పట్టుకుని, నా పక్కన నేల మీద కూర్చున్నాడు. జరగమన్నట్టు నన్ను చూసి తల్లి పాదం చేతుల్లోకి తీసుకున్నాడు. అవి ఆఫీసు చేతులు, సంతకాలు తప్ప ఏమీ చేసి ఎరగవు. తెర మీద నలుగురు మగవాళ్లు నాట్యం చేస్తుంటే చూసి, ఆలోచించి, నొక్కాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ.

"అందరూ ఆకుపచ్చేనా?" అంది పెద్ద మామా. "మనుషులా, కప్పలా?"

"పసుపు ఏది?" అని నన్ను మెల్లగా అడిగాడు.

"నాలుగోది బాబా."

"నువ్వు నొక్కితే ఎవరు చచ్చిపోయారో కూడా తెలియడం లేదు" అంది పెద్ద మామా. "రిదాను నొక్కనివ్వు." కానీ పాదం వెనక్కి తీసుకోలేదు.

కాసేపటికి సోఫాలోంచి నూరా గొంతు వచ్చింది, ఇంకా జలుబు చేసినట్టే ఉంది. "ఆ లావాటి ఆయన కోటు పసుపేమిటి ఖాలిద్? గోధుమరంగు అయ్యుంటుంది."

"గోధుమరంగుకు వేలు లేదు" అంది పెద్ద మామా. "వేరే రంగు చెప్పు."

నూరా ఆలోచించింది. "సరే, ఎరుపు" అంది. ఆ తర్వాత ఎగైలా మాట ఎత్తలేదు. ఆ రాత్రి వెళ్తూ వెళ్తూ మెట్లకు కొత్త దీపాలు పెట్టాలని, డాక్టరు దగ్గరికి ఈసారి తనూ వస్తానని షరతులు పెట్టింది. పెద్ద మామా అన్నీ ఒప్పుకుంది. గెలిచినవాళ్లు షరతులు ఒప్పుకుంటారు. మార్తమ్మక్క దేవుడి మహిమ అని మళ్లీ ఏడ్చింది. దేవుడి పేరు మీద చేపల పులుసు చేస్తే నేను కాదనలేదు.

ఆ తర్వాత నేను ఆ ఇంట్లో ఉన్న నాలుగేళ్లలో ఖాలిద్ మంగళవారాలు కూడా రావడం మొదలుపెట్టాడు. వేళ్లు బాగానే నేర్చుకున్నాడు గాని ఆడవాళ్ల బట్టల విషయంలో చివరిదాకా రుచి లేదు. నూరా పిల్లలు వంతులు వేసుకున్నారు. కొరికే చిన్నవాడు తెలుపు వచ్చినప్పుడల్లా చిటికెన వేలు కొరికేవాడు. చాలా స్పష్టంగా తెలుస్తోందని పెద్ద మామా వాణ్ణి మెచ్చుకుంది. నేను వచ్చేసే రోజు ఆమె నా రెండు చేతులూ తడిమి, "ఏ రంగు వేసుకున్నావు?" అంది. వేసుకున్నది ఉల్లిపొర రంగు. అరబ్బీలో దానికి మాట రాదు. వంగి ఆమె రెండో వేలు నొక్కాను.

ఇప్పుడు నా దుకాణంలో నలభై నీలాలు, ఒక్కదానికీ ఒప్పుకోని ఆడవాళ్లు. ఆ రోజుల్లో నాకు ఒక్క నీలమే ఉండేది, అడిగిన మనిషి ఎన్నడూ తిప్పి పంపలేదు. వ్యాపారం అప్పుడే బాగుండేదని చెప్పను. అద్దె కట్టేది ఈ నలభయ్యే.

హేమ ఇంకా ఫోను నా ముందే పట్టుకుని ఉంది. మెట్ల మీద అమ్మాయి అదే నడకతో దిగుతోంది, పోనని చెప్పడానికి. కంప్యూటర్ ఆమె గౌనుకు గోధుమరంగు వేసింది. మామూలు గోధుమరంగు కూడా కాదు, నానబెట్టిన గోనెసంచి రంగు.

"ఏమైంది పిన్నీ, అట్ల కూచున్నావు? బాగలేదా?"

"దాన్ని నడిపేవాళ్లకు ఒక మాట జెప్పు పాపా," అన్నాను. "ఆ రంగుకు వేలు లేదు, వేరే రంగు చూడమను."

ఇంతలో ఒకామె చీర సంచి బల్ల మీద పెట్టింది. నేను లేచి నిలబడి, ఏ రంగు కావాలమ్మా అన్నాను.